తిరుగుబాటు నాయకుడి ఎదుగుదలలో అక్షరం: ‘కొమురం భీం’ నవల – ఒక పరిశీలన

పరాయి అధికారాన్ని ఎదిరించిన తిరుగుబాట్లను ఇతివృత్తంగా తీసుకున్న చారిత్రక కథనాల్లో నాయకుడు మొదట ఒక కుర్రవాడు. తనవారికి జరిగిన అవమానాన్ని కళ్లారా చూస్తాడు, ఊరు విడుస్తాడు, ఎవరి దగ్గరో ఏదో నేర్చుకుంటాడు, తిరిగివచ్చి పోరాటానికి నాయకుడవుతాడు. చీనాలోని షాన్‌డాంగ్ పల్లెల గురించి రాసినా, ఆదిలాబాద్ అడవుల గురించి రాసినా ఈ చట్రం పెద్దగా మారదు. అందువల్ల విమర్శకుడు ఈ చట్రాన్ని గుర్తించి ఆగిపోతే ప్రయోజనం లేదు. నడుమనున్న ఆ ‘నేర్చుకోవడం’ ఏమిటన్నదే పరిశీలించవలసిన అంశం. నాయకుడి చేతికి ఆయుధం ఎలా వచ్చిందో చెప్పడానికి ఏ రచయితా మరచిపోడు. అక్షరం ఎలా వచ్చిందన్న విషయంలోనే రచయితల దృక్పథాలు బయటపడతాయి. ఈ కోణం నుంచి సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలను పరిశీలించి, దాని పక్కన ఒక తెలుగు చలనచిత్రాన్ని, చీనా బాక్సర్ తిరుగుబాటుపై వచ్చిన ఒక బొమ్మల నవలను ఉంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

నవల పుట్టిన సందర్భం

‘కొమురం భీం’ 1983లో వెలువడింది. అంతకు రెండేళ్ల ముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. నవలలోని కథ నిజాం కాలానిది, 1940లో జోడేఘాట్‌లో భీం మరణంతో ముగిసేది. రచన వెనుకనున్న ఒత్తిడి మాత్రం ఇంద్రవెల్లిది. నలభై ఏళ్ల నాటి పోరాటాన్ని మళ్లీ చెప్పవలసిన అవసరం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటి పాఠకులకు ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. గోండు పెద్దల జ్ఞాపకాల్లో బతికి ఉన్న భీం ఈ నవల ద్వారానే తెలుగు చదువరుల ప్రపంచంలోకి నిలకడగా ప్రవేశించాడు. ఈనాడు భీం జీవితంగా మనం చెప్పుకొనే కథాక్రమంలో చాలా భాగం జనశ్రుతి నుంచి, ఈ నవల నుంచి కలగలిసి వచ్చినదే. అంటే చారిత్రక నవల ఇక్కడ చరిత్రకు అనుబంధంగా కాక, చరిత్రకు ఆధారంగా పనిచేసింది. ఈ అరుదైన స్థితి వల్ల నవలా రచయితల ప్రతి ఎంపికకూ బరువు పెరిగింది.

కోపం నుంచి కాగితం దాకా

భీం ఎదుగుదలలో మొదటి మలుపు సిద్ధిఖ్ హత్య. అడవి కొట్టి సాగు చేసుకున్న నేలపై హక్కు తనదని సిద్ధిఖ్ వస్తాడు. గోండుల దగ్గర ఉన్నది చెమట, అతని దగ్గర ఉన్నది పట్టా. కుర్రవాడైన భీంకు అప్పటికి తెలిసిన సమాధానం చేతిలోని కర్ర ఒక్కటే. ఈ హత్యను సాహసకృత్యంగా చదవడం సులువు. కథాక్రమంలో దాని స్థానాన్ని గమనిస్తే మరొకటి కనిపిస్తుంది. మనిషి చచ్చాడు గాని పట్టా చావలేదు. గూడెం మీదికి ప్రభుత్వం రాక తప్పదు, భీం పారిపోక తప్పదు. కోపంతో గెలిచినది ఏదీ నిలవదని కథ తొలి అంకంలోనే తేలిపోతుంది.

తరువాతి మలుపు చాందా పట్టణంలో. అక్కడ విఠోబా అనే అచ్చాపీసు యజమాని భీంను చేరదీస్తాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ కీలకమైన ఘట్టం ఇదే. భీం అక్షరాలు నేర్చినది బడిలో కాదు, పనిచోట. అచ్చు పని చేసేవాడికి అక్షరం ముందుగా సీసపు వస్తువు, చేత్తో పట్టుకొని పేర్చవలసిన ముక్క. భూమిని లాక్కున్న పట్టా అయినా, సర్కారు హుకుం అయినా ఇలాంటి అక్షరాలతోనే తయారవుతుందని గ్రహించడానికి అచ్చాపీసును మించిన చోటు లేదు. అక్షరం ఇక్కడ జ్ఞానజ్యోతి వంటి అలంకారం కాదు, శత్రువు పనిముట్టు. దాన్ని వాడడం నేర్చుకోవాలి.

విఠోబా అరెస్టుతో ఆ ఆశ్రయం పోతుంది. భీం అస్సాం తేయాకు తోటలకు చేరి కూలీ అవుతాడు. కొన్నేళ్లు గడిచాక అక్కడి జైలు నుంచి తప్పించుకొని బల్లార్షా మీదుగా తిరిగివస్తాడు. అస్సాం భాగంపై నవలలో ఇంకా శ్రద్ధ ఉండవలసింది. అడవి బిడ్డ కూలిమనిషిగా మారడం, తనలాగే నేల పోగొట్టుకొని వచ్చిన వేరే భాషల వారితో కలిసి బతకడం ఒక నవలకు సరిపడే వస్తువు. అయినా దాని ప్రభావం తిరిగివచ్చిన భీంలో కనిపిస్తుంది. కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనిచేసే భీం వెంటనే విల్లు పట్టడు. వ్యవహారాలు చూస్తాడు, కాగితాలు చదువుతాడు. పన్నెండు గూడేలను కూడగట్టిన తరువాత కూడా హైదరాబాదు వెళ్లి నిజాంకు మొర పెట్టుకోవాలని చూస్తాడు. దర్శనం దొరకదు. అక్షరం వైపు నుంచి ఉన్న దారులన్నీ నడిచి, అవి మూసుకుపోయాకే అతడు తుపాకీ వైపు మళ్లుతాడు. ‘జల్, జంగల్, జమీన్’ అనే నినాదం ఒక పట్టాను ఎదుర్కొన్న మనిషి రాసిన ప్రతిపట్టా అని నాకు అనిపిస్తుంది. నీరు, అడవి, నేల వరుసగా చెప్పడంలో దస్తావేజు పద్ధతి ఉంది.

పరాయివాడు ఎవరు?

ఈ నవలను తెలుగు పాఠకులు జాతీయోద్యమ కథల వరుసలో చేర్చుకోవడం పరిపాటి. కాని గోండు గూడెం గడపలో నిలబడి చూస్తే పరాయివాడు తెల్లదొర కాడు. పట్వారీ, అటవీ చౌకీదారు, సావుకారు, మైదానం నుంచి వచ్చి నేల పట్టా చేయించుకున్న వలసదారు. వీరిలో ఉర్దూ మాట్లాడేవారున్నారు, మరాఠీ మాట్లాడేవారున్నారు, మన భాష మాట్లాడేవారూ ఉన్నారు. భీం మరణం తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనానికి రప్పించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రచనల్లో ఈ భూముల అన్యాక్రాంతం వివరంగా నమోదయింది. గోండులు కాని ఇద్దరు రచయితలు, గోండుల కథను, గోండులకు పరాయి భాషల్లో ఒకటైన తెలుగులో రాశారన్న వాస్తవాన్ని మన విమర్శ తరచుగా దాటవేస్తుంది. నవల ఘనతను ఇది తగ్గించదు. పాఠకుడి స్థానాన్ని మాత్రం ఇబ్బందికరం చేస్తుంది, చేయాలి కూడా.

‘ఆర్ఆర్ఆర్’: అడిగి తీసుకున్న అక్షరం

2022 మార్చిలో విడుదలైన రాజమౌళి చిత్రం ‘ఆర్ఆర్ఆర్’ తన కథ కల్పితమనే చెప్పుకొంది. కనుక భీం, అల్లూరి సీతారామరాజు ఢిల్లీలో కలుసుకున్నారా అన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. కల్పన ఏ దిశలో సాగిందన్నదే విమర్శకు ముఖ్యం. చిత్రంలో భీం శత్రువు నిజాం పాలనా యంత్రాంగం నుంచి బ్రిటిష్ గవర్నరుకు మారిపోయాడు. పైన చెప్పిన ఇబ్బంది ఒక్క దెబ్బతో తొలగిపోయింది. హైటెక్ సిటీ మల్టీప్లెక్సులో కూర్చున్న ప్రేక్షకుడు, ఆదిలాబాద్ మూలాలు ఉన్నవాడైనా సరే, తన తాతల నాటి భూముల గురించి ఆలోచించవలసిన పని లేకుండా చప్పట్లు కొట్టవచ్చు.

ముగింపు ఇంకా ముఖ్యమైనది. ఏం కావాలో కోరుకొమ్మని రాముడు అడిగితే, తనకూ తనవారికీ చదువు కావాలని భీం అడుగుతాడు. రాముడు జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసి ఇస్తాడు. చిత్రానికి న్యాయం చేయాలంటే ఒక మాట ఒప్పుకోవాలి: కొరడా దెబ్బల నడుమ భీం పాడిన పాట విన్నాకే రాముడి ఆలోచన మారుతుంది. ఎదుగుదల ఒకవైపే లేదు. కాని ఆ పంపకాన్ని గమనించండి. భీం ఇచ్చినది ఆవేశం, రాముడు ఇచ్చినది అక్షరం. నవలలో అచ్చాపీసు పనిలో సంపాదించుకున్నది, తెరమీద మైదానపు మిత్రుడి వరమయింది. భీం సొంత నినాదాన్ని కూడా మరొకరి చేతి రాతతో అతడికి తిరిగి ఇచ్చారు.

ఈ చిత్రణలోని విడ్డూరం హైదరాబాదు పడమటి అంచున ఉన్నవారికి మరింత స్పష్టంగా తెలియాలి. ఐటీ కారిడార్‌ను ఆనుకొని గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు చొరవతో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతులను వెలుగులోకి తెచ్చారు. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే తెరమీది భీం చదువు కోసం చేయి చాచడానికి నాలుగేళ్ల ముందే, అతడి జాతికి సొంత లిపి ఉందని అంతర్జాతీయ ప్రమాణం నమోదు చేసింది.

కాలిపోయిన గ్రంథాలయం

అమెరికన్ రచయిత జీన్ లూయెన్ యాంగ్ 2013లో ప్రచురించిన ‘బాక్సర్స్ అండ్ సెయింట్స్’ రెండు సంపుటాల బొమ్మల నవల. మొదటి సంపుటంలో షాన్‌డాంగ్ పల్లెకు చెందిన బావో అనే కుర్రవాడు, ఊరి దేవుడి బొమ్మను విదేశీ మతాధికారి పగలగొట్టడం చూస్తాడు. విద్య నేర్చి, నాటకాల్లోని దేవతలను తనపైకి ఆవాహన చేసుకొంటూ, విదేశీయులపై తిరగబడ్డ సేనకు నాయకుడై పీకింగ్ చేరతాడు. ఇంతవరకూ మనకు తెలిసిన చట్రమే. కాని బావో ఎదిగేకొద్దీ కుంచించుకుపోతాడు. విదేశీ రాయబారుల నివాసాలపై ముట్టడిలో హాన్‌లిన్ గ్రంథాలయానికి నిప్పు పెట్టే దాకా వెళతాడు. అతడు ప్రేమించిన మెయ్-వెన్ ఆ పుస్తకాలను కాపాడబోయి మరణిస్తుంది. 1900 జూన్‌లో హాన్‌లిన్ కాలిపోవడం చరిత్రలో జరిగినదే. దేశాన్ని కాపాడడానికి బయలుదేరినవాడు దేశపు అక్షరాలను కాల్చాడన్న అర్థం మాత్రం యాంగ్ కల్పించినది. భీం ఎదుగుదల అక్షరం వైపు, బావోది అక్షరానికి ఎదురు దిక్కుకు. కోపమే ఇద్దరికీ మొదటి మెట్టయినా, దారిలో అచ్చాపీసు ఒకరికే ఎదురైంది.

అయితే యాంగ్ చేసి, మన రచయితలు చేయనిది ఒకటుంది. రెండో సంపుటం పూర్తిగా ఒక అమ్మాయిది. ఇంట్లో ఆమెకు పేరు కూడా పెట్టలేదు, నాలుగో పిల్ల అనే పిలుస్తారు. క్రైస్తవంలో చేరాక ఆమెకు విబియానా అనే పేరు దొరుకుతుంది. బాక్సర్ల దృష్టిలో ఆమె ద్రోహి. చివరకు బావో చేతిలోనే మరణిస్తుంది. ఆమె అటు ఎందుకు వెళ్లిందో తెలిసిన పాఠకుడు ఆ మరణాన్ని విజయంగా చదవలేడు.

‘కొమురం భీం’లో ఈ స్థానం కుర్దు పటేల్‌ది. అతడూ గోండే. జోడేఘాట్ జాడ పోలీసులకు చెప్పినవాడిగా జనశ్రుతిలో నిలిచాడు. నవల అతడిని ద్రోహం అనే ఒక్క పనికే పరిమితం చేసింది. పటేల్‌గిరీ అంటే గూడెంలో రాజ్యానికి ఉన్న చేయి. ఒక గోండు మనిషికి ఆ పదవి ఏమి ఇచ్చింది, భీం గూడేలను కూడగట్టినప్పుడు ఏమి పోతుందని అతడు భయపడ్డాడు, సర్కారు కాగితంపై తన పేరు ఉండడం అతడికి ఎంత విలువైనది? అక్షరాన్ని ఆయుధంగా మలచుకున్న భీం ఎదురుగా, అక్షరానికి లొంగిపోయిన కుర్దును నిలబెట్టగల సామగ్రి అంతా నవలలోనే ఉంది. ఇంద్రవెల్లి కాల్పులు జరిగి రెండేళ్లయినా గడవని కాలంలో ఆ పని చేయమని సాహును, రాజయ్యను అడగడం న్యాయం కాదు. ఆ అధ్యాయాన్ని ఈనాడు రాయగలవారు గోండి తెలిసినవారే అయి ఉండాలి.