పరాయి రంగు చొక్కాతో

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని బంతిలో కూర్చోబెట్టి, ఒక పక్క వడ్డిస్తూనే ఇంకో పక్క వాళ్ళ మీద పాటలు పాడేవారు. వియ్యపురాలి నడక మీద ఒకటి, వియ్యంకుడి తిండి మీద ఒకటి. అవతలివాళ్ళు మూతి ముడుచుకుంటూనే ఇంకో గారె వేయించుకునేవారు. ఆ పాటలు వచ్చిన ముసలమ్మలు వెళ్ళిపోయాక ఆ సరదా కూడా పోయిందనే అనుకున్నాను. మళ్ళీ అది కనబడింది లూసియానా రాష్ట్రంలో, బేటన్ రూజ్‌లో, ఒక ఫుట్‌బాల్ స్టేడియం బయట కార్లు నిలిపేచోట.

ఎదుటి జట్టు చొక్కాలు వేసుకుని నడుస్తున్నాం, నేనూ నా స్నేహితుడూ. ఊదా, బంగారు రంగుల గుంపు ఒకటి మమ్మల్ని చూసి "టైగర్ బెయిట్! టైగర్ బెయిట్!" అని అందుకుంది. పులికి ఎర అని, వాళ్ళ జట్టే పులులు కాబట్టి. పదడుగులు వేశామో లేదో, అదే గుంపులోంచి ఒకాయన గరిటెతో సహా వచ్చి "తిన్నారా?" అన్నాడు. గాడిపొయ్యి లాంటి దాని మీద పెద్ద ఇనప బాణలి. అందులో జంబలాయా. అన్నం, కోడిమాంసం, సాసేజ్ ముక్కలు, ఉల్లిపాయ, క్యాప్సికం, దండిగా కారం. మన పలావుకి దూరపు చుట్టం. అడుగున పట్టిన మాడు గీకి మరీ నా ప్లేటులో వేశాడు. వేస్తూ, "ఈ రాత్రి మీరు ఓడిపోతారు, బాగా తినండి" అన్నాడు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని ఉరుకుతూ, పదేసి గజాల చొప్పున ముందుకు జరిగే ఆట. అందులోనూ కాలేజీ జట్ల ఆటలు ఎక్కువగా శనివారాలే. ఆగస్టు చివర మొదలై నవంబరు చివరికి పన్నెండు ఆటలు, వాటిలో సొంతూళ్ళో జరిగేవి ఆరో ఏడో. అంటే ఏడాదికి ఏడు రోజులు నిండడానికి కట్టిన కట్టడాలన్నమాట. అయినా అమెరికాలో లక్షకి పైగా సీట్లున్న ఫుట్‌బాల్ స్టేడియాలన్నీ కాలేజీలవే. ఆటగాళ్ళకి కోట్లు పోసే ప్రొఫెషనల్ జట్లలో దేనికీ అన్ని సీట్ల ఇల్లు లేదు.

వీటిలో ఏది గొప్పదని అడిగితే కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకని నేను ఊరివాళ్ళ మాట వినడం మానేశాను. చుట్టంగా వెళ్ళినవాడి సీట్లోంచే చూస్తాను. వాళ్ళని ఓడించాలని కోరుకుంటూ వచ్చినవాణ్ణి ఆ ఊరు ఎలా చూసుకుంటుంది? ఆ కట్టడం అతని చెవుల్ని ఏం చేస్తుంది? నాకు కావలసింది ఈ రెండే.

సైజు సంగతి ముందు తేల్చేస్తాను. నేను ఎమ్మెస్ చదివింది కొలంబస్‌లో, ఒహాయో స్టేట్‌లో. మాకు మిషిగన్ అంటే పడదు. వాళ్ళతో ఆట ఉన్న వారం మా క్యాంపస్ బోర్డుల మీద ఎక్కడ 'ఎం' అక్షరం కనబడినా ఎర్ర టేపుతో కొట్టేసేవారు. కారులో మూడు గంటలు పోతే ఆన్ ఆర్బర్. దేశంలోకెల్లా పెద్దదైన మిషిగన్ స్టేడియం అక్కడే ఉంది, 1,07,601 మంది పడతారు. ఆ చివరి ఒకటి, పాత కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ గౌరవార్థం వేసిన అదనపు సీటు. అది ఎక్కడుందో మాత్రం చెప్పరు. దగ్గరికి వెళ్ళి "ఇదేనా?" అనుకున్నాను. 1927లో నేల తవ్వి అందులోకి దించి కట్టారు, బయటికి కనిపించేది కొంతే. గేటు దాటి నాలుగడుగులు వేశాక కాళ్ళ కింద దిగుడుబావిలా తెరుచుకుంటుంది. మెట్లు ఎక్కుతామనుకున్నవాళ్ళం దిగడం మొదలుపెడతాం. అప్పుడు మాత్రం నోట మాట రాలేదు, శత్రువుల ఇల్లయినా సరే.

కానీ ఆ బావి వాలు తక్కువ, పళ్ళెంలా విప్పారి ఉంటుంది. అరుపు ఆకాశానికి పోతుంది. 2010లో రెండు పక్కలా ఎత్తుగా ప్రత్యేక గదుల (సూట్ల) భవనాలు లేపాక కొంత లోపలే తిరుగుతోందంటారు. అక్కడ చుట్టానికి దెబ్బ చెవికి కాదు, తొడలకి. సీటంటే అల్యూమినియం బెంచీ మీద ఒక నంబరు, అంతే. నవంబరు చలికి కోటు మీద కోటు వేసుకుని వచ్చిన లక్షమంది ఆ నంబర్ల మధ్య ఇమడాలి. సంక్రాంతి ముందు పల్లెవెలుగు బస్సు గుర్తొచ్చింది నాకు.

అరుపు గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మనకి ఇది కొత్త. మన క్రికెట్ ప్రేక్షకుడు తనవాడు సిక్సు కొడితే ఎగిరి అరుస్తాడు, అవతలివాడు కొడితే నీళ్ళు నమిలి ఊరుకుంటాడు. ఇక్కడ తిరగేసి చూసుకోవాలి. తమ జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపూ పరీక్ష హాలంత నిశ్శబ్దం. ఎవరైనా కొత్తవాడు ఈల వేస్తే నలుగురూ వెనక్కి తిరిగి చూస్తారు. బంతి అవతలివాళ్ళకి వెళ్ళిందా, ఇక గొంతులు తెగాల్సిందే. కారణం ఆటలోనే ఉంది. ప్రతి ఎత్తూ జట్టుని నడిపే క్వార్టర్‌బ్యాక్ కేకతో మొదలవుతుంది. ఎన్నో కేకకి బంతి కదులుతుందో అతని జట్టుకే తెలుసు. ఆ కేక వినబడక ఒక్కడు క్షణం ముందు ఉలికిపడితే ఫాల్స్ స్టార్ట్, అయిదు గజాలు వెనక్కి. అంటే మెట్ల మీద కూర్చున్న గుమాస్తా, నర్సు, విద్యార్థి కలిసి గొంతుతో అయిదు గజాలు సంపాదించగలరు. ప్రేక్షకుడికి ఇంత పని ఉన్న ఆట నేను ఇంకోటి చూడలేదు.

వచ్చిన జట్టు కూడా ఊరికే ఉండదు. వారమంతా ప్రాక్టీసులో లౌడ్‌స్పీకర్లు పెట్టి హోరులోనే ఆడుతుంది. నోటి కేక వదిలేసి సైగల మీదికి పోతుంది. క్వార్టర్‌బ్యాక్ కాలు లేపుతాడు, బంతిని అందించే సెంటర్ పక్కనున్న గార్డ్ వెనక్కి చూసి అతన్ని తడతాడు, సెంటర్ లోపల ఒక లెక్క లెక్కపెట్టుకుని బంతి వదులుతాడు. 2024 నుంచి పెద్ద జట్లలో ఒకడి హెల్మెట్‌లో కోచ్ మాట వినబడే ఏర్పాటు వచ్చింది. అది కూడా ఎత్తు మొదలవడానికి గడువు 15 సెకన్లు మిగలగానే ఆగిపోతుంది. సరిగ్గా అక్కణ్ణుంచి స్టేడియం అందుకుంటుంది.

ఈ విద్యకి బడి కూడా ఉంది. టెక్సస్ ఎ అండ్ ఎం వాళ్ళ కైల్ ఫీల్డ్‌లో చీర్‌లీడర్లు ఉండరు. విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న అయిదుగురు 'యెల్ లీడర్లు' తెల్లబట్టల్లో నిలబడి చేతులతో సైగలు చేస్తారు. ఆ సైగని ముందు వరుస వెనక వరుసకి అందిస్తుంది, అది పై అంతస్తు దాకా పాకుతుంది, ఆ తర్వాత అందరూ నడుం వంచి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి ఒక్క గొంతుతో అరుస్తారు. దీనికి ముందురోజు అర్ధరాత్రి రిహార్సల్, 'మిడ్‌నైట్ యెల్'. చుట్టాలు కూడా వెళ్ళి చూడొచ్చు. విద్యార్థులు ఆట మొత్తం నిలబడే ఉంటారు. 1922 జనవరిలో జట్టులో గాయాలు ఎక్కువై, ప్రేక్షకుల్లోంచి ఇ. కింగ్ గిల్ అనే కుర్రాణ్ణి పిలిచి యూనిఫామ్ తొడిగించి పక్కన నిలబెట్టారు. అతనికి ఆడే అవసరం రాలేదు. ఆడడానికి సిద్ధంగా నిలబడ్డాడు, అంతే. వందేళ్ళ తర్వాత కూడా ఆ కాలేజీ పిల్లలు కూర్చోకపోవడానికి అదే కారణం. ఇంత హోరు చేసేవాళ్ళే గేటు దగ్గర వరసపెట్టి "హౌడీ" అని పలకరిస్తారు. మొదట్లో నాకది వెటకారమేమోననిపించింది. కాదు.

హోరుకి జనమెంత ముఖ్యమో కట్టడమూ అంతే. ఆరెగన్‌లో ఆట్జెన్ స్టేడియం 54 వేలదే, కానీ సీట్లు గీత పక్కనే మొదలవుతాయి, లక్ష మంది పట్టేవాటి కన్నా గట్టిదని చెప్పుకుంటారు. సియాటిల్‌లో హస్కీ స్టేడియం స్టాండ్ల మీదికి చాచిన కప్పులు అరుపుని మైదానంలోకే తిప్పికొడతాయి. అక్కడికి కొందరు సరస్సు మీద పడవల్లో వస్తారు, అరుపు కన్నా అదే నాకు బాగా నచ్చింది. అసలు కట్టడం ఆటనే మార్చిన కథ ఒకటుంది. 1905లో ఈ ఆటలో కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే మైదానాన్ని వెడల్పు చేద్దామన్నారు. 1903లో కట్టిన హార్వర్డ్ స్టేడియం కాంక్రీటుది, జరపడం కుదరదు. దాంతో మరో దారి చూడాల్సి వచ్చింది, 1906లో బంతిని ముందుకి విసరడానికి అనుమతి దొరికింది. ఇవాళ టీవీలో మనం నోరు తెరుచుకుని చూసే ఆ పొడుగాటి విసుర్లలో ఒక మొండి గోడ పాత్ర కూడా ఉంది.

మళ్ళీ బేటన్ రూజ్. అక్కడ ఆట రాత్రిపూటే చూడాలి. 1988 అక్టోబరు 8 రాత్రి ఆబర్న్ జట్టు మీద, ఇక రెండు నిమిషాలు కూడా లేవనగా, నాలుగో ప్రయత్నంలో ఆ ఊరి జట్టు క్వార్టర్‌బ్యాక్ టామీ హాడ్సన్ విసిరిన బంతిని ఎడ్డీ ఫుల్లర్ మైదానం చివరి ఎండ్ జోన్‌లో పట్టుకున్నాడు. 7-6. ఆ క్షణాన జనం చేసిన గంతులకి క్యాంపస్‌లో భూగర్భశాస్త్రం వాళ్ళ సీస్మోగ్రాఫ్ మీద గీత లేచింది. ఆ ఆటకి ఇప్పటికీ 'భూకంపం ఆట' అనే పేరు. ఒకప్పుడు ఆ స్టాండ్ల కిందే హాస్టల్ గదులుండేవి, 1980ల దాకా పిల్లలు ఉన్నారు. నెత్తి మీద భూకంపం పెట్టుకుని వాళ్ళు మిడ్‌టర్మ్‌కి ఎలా చదివారో!

వెక్కిరింపూ మర్యాదా ఒకే ఇంట్లో ఎలా కాపురం చేస్తాయో చూడాలంటే అయొవా సిటీకి వెళ్ళాలి. కినిక్ స్టేడియంలో వచ్చిన జట్టుకిచ్చే గది మొత్తం గులాబీ రంగు. గోడలు, లాకర్లు, చివరికి మూత్రశాల గిన్నెలు కూడా. కోచ్ హేడెన్ ఫ్రై మొదలుపెట్టిన చిలిపితనం ఇది. ఆ రంగు చూస్తే మనిషి మెత్తబడతాడని ఆయన లెక్క. మన ఆడపెళ్ళివారు విడిదింట్లో మంచానికి మూడు కోళ్ళే పెట్టిన రకం. ఇదే స్టేడియం పక్కన 2017లో పిల్లల ఆసుపత్రి కొత్త భవనం లేచింది. పై అంతస్తు కిటికీల్లోంచి మైదానం కనబడుతుంది. మొదటి క్వార్టర్ అయిపోగానే దాదాపు డెబ్భై వేల మంది ఆటకి వీపు తిప్పి, ఆ కిటికీల వైపు చేతులూపుతారు. రెండు జట్ల ఆటగాళ్ళూ, రిఫరీలూ కూడా. అంతసేపూ మమ్మల్ని ఆడిపోసుకున్న ముందు వరుస పెద్దాయన వెనక్కి తిరిగి, నా మోచెయ్యి పట్టుకుని "అటు కాదు, ఇటు, ఆ పైన" అని చూపించాడు. సాయంత్రం ఆటలకి ఆ కిటికీల్లో టార్చిలైట్లు తిరిగి ఊగుతాయి.

మర్యాదలో మాత్రం నా ఓటు నెబ్రాస్కాకే. లింకన్‌లోని మెమోరియల్ స్టేడియం 1962 నవంబరు నుంచి నిండుతూనే ఉంది. జట్టు గొప్పగా ఆడినా, పాతికేళ్ళుగా ఏడిపిస్తున్నా అంతే. ఆట అయ్యాక తమని ఓడించిన జట్టు సొరంగంలోకి వెళుతుంటే ఆ మూల జనం లేచి చప్పట్లు కొడతారు. తిండే కాస్త వింత. కారం కారంగా చిల్లీ, దాంతో పాటు తియ్యటి సినమన్ రోల్. మొదటి ముద్దకి అనుమానం, మూడో ముద్దకి అలవాటు.

మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్‌లో చెట్ల కింద గుడారాలకి షాండిలియర్లు కడతారు, వెండి సామాను పరుస్తారు. అందంగానే ఉంటుంది కానీ పిలవని పేరంటానికి వెళ్ళినట్టు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. నాక్స్‌విల్‌లో 1962 నుంచీ టెన్నెసీ నది మీద పడవల్లో వస్తున్నారు. ఇక డాలస్‌లో టెక్సస్, ఓక్లహోమా జట్ల ఆట అక్టోబరులో, జాతర మధ్యలో, కాటన్ బౌల్‌లో. సగం నారింజ, సగం ఎరుపు, సరిగ్గా మైదానం నడిమి గీత దగ్గర విడిపోతారు. అందరూ చుట్టాలే అక్కడ, ఇంటివాళ్ళు లేరు. డాలస్‌లో ఉండే మనవాళ్ళు ఆ జాతరకి పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించడానికి వెళ్ళి, ఈ రెండు రంగుల వరదలో చిక్కుకుని ఫోన్ చేస్తుంటారు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క హెచ్చరిక, నా చేతకానితనంలోంచి. ఒక ఊళ్ళో, పేరెందుకులెండి, హోటళ్ళన్నీ నిండిపోయి గంటన్నర దూరంలో దిగి, దారిలో తిందామని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర స్టీలు డబ్బా బ్యాగులో పెట్టుకుని గేటు దాకా వెళ్ళాను. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీ తప్ప ఏదీ లోపలికి పోదట. 12 అంగుళాలు, 6, 12, దాని కొలత. టికెట్టు వెనకాలే రాసి ఉంది, చదవలేదు. కారు మైలు దూరంలో ఒక చర్చి పచ్చిక మీద ఉంది. దగ్గర్లో టెయిల్‌గేట్, అంటే బండి పక్కన విందు, సర్దుకుంటున్న ఎర్రచొక్కా ఆవిడకి డబ్బా ఇచ్చి, పారేసినా ఫరవాలేదన్నాను. మూత తీసి వాసన చూసి, "ఇందులో నిమ్మకాయా?" అని అడిగింది. చింతపండు అని చెప్పేలోపు జాతీయగీతం మొదలైంది.

ఆ రోజు మేమే గెలిచాం. బయటికి వచ్చేసరికి ఆవిడ టేబులు మడిచేసి, కుర్చీలు ట్రక్కులో పడేసి, నా కోసమే నిలబడి ఉంది. "బాగా ఆడారు మీవాళ్ళు, అంత బాగా ఆడాల్సింది కాదు" అని డబ్బా చేతిలో పెట్టింది. బరువుగానే ఉంది. కారెక్కాక తీసి చూస్తే, కడిగి తుడిచిన డబ్బాలో, టిష్యూ కాగితం మీద, రెండు సినమన్ రోల్స్.