జాలీలో బెలుం

కర్నూలులో గానీ కడపలో గానీ కొళాయి ధార సన్నబడితే ఇంట్లో ముందుగా పుట్టే మాట ప్రెజర్ పంపు. ప్లంబరు కూడా కాదనడు, ఆయనకూ బతుకుదెరువు ఉండాలి కదా. నాకు తెలిసిన ఒక కడప మేస్త్రీ మాత్రం పంపు మాటెత్తితే చాలు, నవ్వేస్తాడు. "పంపు పెడితే రాయి కరుగుతాదా సార్?" అంటాడు. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే నా పద్ధతి. కొళాయి మూతి దగ్గర మొదలుపెట్టి, నీళ్లకు ఎదురెక్కుతూ మిద్దె మీద ట్యాంకు దాకా పోవడం. చాలాసార్లు అంతదూరం పోయే పనే పడదు.

మూతికి బిగించిన జాలీకి పాత గుడ్డ చుట్టి ప్లయర్‌తో తిప్పితే ఊడొస్తుంది. అది తీసేసి ఓసారి కొళాయి విప్పండి. ధార నిండుగా దూకిందా, జబ్బు జాలీదే. అరచేతిలో పెట్టుకుని చూస్తే కన్నాల నిండా తెల్లటి గార, దాని వెనక నాలుగు ఇసుక రేణువులు, పైపులు కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను. ఇసుక దులిపితే పోతుంది, గార పోదు. చిన్న గిన్నెలో నిమ్మరసం పిండి అందులో వేస్తే సన్నగా నురగ లేస్తుంది. రాత్రంతా నాననిచ్చి పొద్దున పాత బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. ఆ రసం మాత్రం వంటగట్టు మీది కడప బండ మీద ఒలకనీయకండి. ఒక్క చుక్క పడినా నల్లటి నునుపు పోయి బూడిదరంగు మచ్చ తేలుతుంది. బండా సున్నపురాయే, జాలీలో గారా సున్నపురాయే. నిమ్మరసానికి రెండూ ఒకటే.

ఈ సీమలో చాలాచోట్ల కాళ్ల కింద ఉన్నది ఆ రాయే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల గురించి భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే రాశాడు. 3,229 మీటర్ల ఆ సొరంగాలన్నీ నీళ్లు తొలిచినవే. మట్టిలోంచి దిగే వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడేటప్పుడు ఆ వాయువును వదిలేసి, రాయిని అక్కడే పేర్చిపోతుంది. బోరు నీళ్లు మన కొళాయి మూతి దగ్గర చేసేదీ అదే పని. గుహకు వేల ఏళ్లు పట్టిందేమో, జాలీకి ఒక ఎండాకాలం చాలు. గీజరు వేడికి ఆ వాయువు ఇంకా తొందరగా పోతుంది, అందుకే వేడినీళ్ల వైపు ముందు పూడుకుపోతుంది. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోతే మేలనీ, వేరే దిక్కు లేనిచోట 600 దాకా సర్దుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం చెబుతోంది. సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్లు అందినన్నాళ్లు కర్నూలు జాలీలు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. బోరు మీద పడ్డామా, మళ్లీ నిమ్మకాయలే.

జాలీ శుభ్రంగా ఉన్నా ధార పలచగానే ఉంటే ఇక లెక్క చూడాలి. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ ఒత్తిడి. పై అంతస్తు షవర్‌కు ట్యాంకు నీళ్లు ఒక మీటరే పైన ఉంటే దక్కేది అందులో పదో వంతు. షోరూములో మెరిసే వెడల్పాటి షవర్ దానికి చినుకులే రాలుస్తుంది, అది దాని తప్పు కాదు. ట్యాంకును ఇంకో రెండు మీటర్లు ఎత్తిస్తే ఒత్తిడి మూడింతలవుతుంది. లేదంటే అక్కడికి మాత్రం పంపు పెట్టించుకోండి, నేనేమీ అనను. కింది వంటింటికి అది దండగ.

చప్పుళ్లను చెవితోనే పట్టాలి. తిప్పగానే బుస్సుమని, దగ్గి, ఆగి ఆగి వస్తే గాలి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వేసవిలో ట్యాంకు అడుగంటి, పైపులోకి గాలి దూరుతుంది. పిట్టగోడ ఎక్కిదిగే వంపులో అది కూర్చుందంటే, ట్యాంకు నిండినా కొళాయి ఎండిపోయే ఉంటుంది. ట్యాంకు నుంచి దిగే పైపుకు ‘టీ’ వేసి, ట్యాంకు కంటే ఎత్తుగా, పైన తెరిచి ఉంచిన గాలి పైపు నిలబెట్టిన ఇళ్లలో ఈ బాధ తక్కువ.

పాత ఇత్తడి కొళాయి సగం విప్పినప్పుడు గుయ్యిమని మోగితే లోపల వాషరు వదులై కొట్టుకుంటున్నట్టు. కట్టేసిన క్షణాన గోడలో ఢబ్‌మంటే, పరిగెత్తే నీళ్లు ఒక్కసారిగా ఆగినట్టు. మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసిన జుకోవ్‌స్కీ 1898లోనే దీని లెక్క తేల్చాడు. ఇనప పైపులో సెకనుకు ఒక మీటరు చొప్పున పోయే నీళ్లను ఉన్నపళంగా ఆపితే, వంద మీటర్ల ఎత్తు నీళ్లు మీద పడ్డదానికంటే ఎక్కువ ఒత్తిడి. ప్లాస్టిక్ పైపులో ఇంత ఉండదు గానీ, పావు తిప్పుకే మూసుకునే ఇప్పటి కొళాయిలకు ప్రెజర్ పంపు తోడైతే గోడకు దెబ్బలే. మెల్లగా కట్టడం అలవాటు చేసుకుని, పైపును క్లాంపులతో గోడకు బిగిస్తే ఆ చప్పుడు చాలావరకు తగ్గుతుంది.

వాషరు మార్చాలంటే ముందు మిద్దె మీది గేట్‌వాల్వు కట్టాలి. ఏళ్ల తరబడి ముట్టని వాల్వు బిగుసుకుని ఉంటుంది. మొండిగా తిప్పితే లోపలి బిళ్ల కాడ నుంచి ఊడి దారికి అడ్డం పడుతుంది. పైన చక్రం మామూలుగానే తిరుగుతుంటుంది, కింద ఇల్లంతా ఒకేసారి ధార సన్నబడుతుంది. దీనికి నిమ్మకాయ పనిచేయదు, పంపూ పనిచేయదు. వాల్వు మార్చడమే. ఈసారి బాల్ వాల్వు వేయించి, అప్పుడప్పుడూ మిద్దెక్కినప్పుడు ఊరికే ఒకసారి తిప్పి వదలండి.