80 గ్రాముల పనితనం

కొనకనమిట్లలో బ్యాటరీ అనగానే చాలామందికి ఇప్పటికీ నోకియా ఫోనులోని బీఎల్-5సీ గుర్తొస్తుంది. ఎఫ్‌ఎం రేడియోలో అదే, చైనా టార్చిలో అదే, భక్తిపాటలు పాడే చిన్న పెట్టెలోనూ అదే. ఫోను కాలం చెల్లినా దాని బ్యాటరీకి చావు రాలేదు. కెమెరా బ్యాటరీ సంగతి వేరు. పొదిలిలో అడిగితే "ఏ మోడలన్నా?" అని ఎగాదిగా చూస్తారు. మార్కాపురంలో "అది ఆగిపోయిందన్నా, ఇంక రాదు" అంటారు. ఒంగోలులో మాత్రం లేదనరు, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు.

నా చేతిలో ఏం పెట్టారో తర్వాత చెబుతాను. పోయినదాని గురించి ముందు చెప్పుకోవాలి, వ్యాసం దానికోసమే.

నా కెమెరా నికాన్ డీ90. 2008లో వచ్చింది. వీడియో తీయగలిగిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. దాని కడుపులో ఉండే ఈఎన్-ఈఎల్3ఈ బ్యాటరీ బరువు సుమారు 80 గ్రాములు. 7.4 వోల్టులు, 1500 ఎంఏహెచ్. ఒక్కోటి 3.7 వోల్టుల చొప్పున రెండు గుండ్రటి సెల్లు పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఒక సెల్లును విప్పి చూడగలిగితే (ఇంట్లో ఎవరూ విప్పకండి, అంటుకుంటుంది) రాగి రేకు, పల్చటి పొర, అల్యూమినియం రేకు, మళ్లీ పొర, అన్నీ కలిపి చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. మార్కాపురం పలకల పని చూసినవాళ్లకు ఇది తమాషాగా ఉంటుంది. అక్కడ ఉలితో రాయిని పొరలు పొరలుగా విడదీస్తారు. ఇక్కడ పొరల్ని బిగించి బిగించి రాయంత గట్టిగా చేశారు. రెండు చోట్లా చేయి ఒక్క వెంట్రుకవాసి తప్పితే సరుకు పనికిరాదు.

పెట్టె అంచున మూడు పాయింట్లున్నాయి. రెండు కరెంటుకు. మూడోది మాటకు. అంతకుముందున్న ఈఎన్-ఈఎల్3కి ఈ మూడోది లేదు. 2005లో డీ200తో పాటు వచ్చిన ఈఎన్-ఈఎల్3ఈకి అది చేరింది. అందుకే కొత్త బ్యాటరీ పాత డీ70లో చక్కగా పనిచేస్తుంది, పాత బ్యాటరీ డీ200లోనో డీ90లోనో పనిచేయదు. కొత్త కోడలు పాత వంటింట్లో సర్దుకుపోయినట్టు అనుకోండి. ఆ మూడో పాయింటు గుండా బ్యాటరీ తన చార్జి ఎంతో, తన వయసెంతో కెమెరాకు చెప్పుకుంటుంది. మెనూలోకి వెళ్తే 0 నుంచి 4 దాకా ఒక గీత కనబడుతుంది. 0 అంటే పడుచుదనం, 4 అంటే చివరి అంకం. తన ముసలితనాన్ని తానే ఒప్పుకునే వస్తువులు లోకంలో తక్కువ. మనుషులం కూడా అంత తేలిగ్గా ఒప్పుకోం.

నాది 4కు చేరి రెండేళ్లయింది. ఆపైన ఒక ఎండాకాలమంతా బీరువాలో పడి ఉంది. తీసి చార్జర్‌లో పెడితే దీపం గబగబా కొట్టుకుంది. సెల్లు మరీ అడుగంటితే చార్జర్ ముట్టుకోదు. అది మొండితనం కాదు, జాగ్రత్త. అంతగా దిగజారిన సెల్లులో రాగి రేకు కరగడం మొదలవుతుంది. బలవంతంగా చార్జి ఎక్కిస్తే ఆ రాగి పేరకూడని చోట పేరి, లోపలే షార్టు కావచ్చు. వైర్లు పెట్టి 'లేపుతాం' అనేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు ఒంగోలు ముచ్చట. ఒక దుకాణంలో ఇచ్చిన బ్యాటరీ మీద 2400 అని మెరిసే అక్షరాలున్నాయి. కంపెనీదాని కన్నా ఎక్కువ! తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయిస్తే 60 గ్రాములు దాటలేదు. అదే కొలత పెట్టెలో, అంత తక్కువ బరువుతో, అంత ఎక్కువ సత్తువ పట్టదు. వడ్లు తూర్పారబట్టినవాడికి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. మరో గుర్తు కూడా ఉంది. మన దేశంలో అమ్మే ఇలాంటి బ్యాటరీల మీద భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, ఐఎస్ 16046 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాని మీద అవేవీ లేవు. తెల్లటి అట్ట, పెద్ద అంకె, అంతే.

బ్యాటరీ వెతకడమంటే అంగళ్లు తిరగడం కాదని, పేర్లు చదవడమని నాకు తెలియజెప్పింది మా అక్క దగ్గరున్న చిన్న ఒలింపస్ కెమెరా. దానికి ఎల్‌ఐ-42బీ కావాలి. ఆ పేరుతో ఎక్కడా లేదు. కానీ ఫ్యూజీవాళ్లు ఎన్‌పీ-45 అనేదీ, నికాన్‌వాళ్లు ఈఎన్-ఈఎల్10 అనేదీ, కొడాక్ క్లిక్-7006 అనేదీ, పెంటాక్స్ డీ-ఎల్‌ఐ63 అనేదీ, క్యాసియో ఎన్‌పీ-80 అనేదీ అదే ముక్క! ఒక్క దేవుడికి ఊరూరా ఒక పేరున్నట్టు. ఎన్‌పీ-45 అని అడిగిన రోజే దొరికింది. పెన్సిల్ సెల్లతో నడిచే పాత కెనాన్ పవర్‌షాట్‌లకైతే ఈ బాధే లేదు. లావుగా ఉన్నాయని అప్పట్లో నవ్వాం. ఇవాళ ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా వాటికి ప్రాణం దొరుకుతుంది.

నా డీ90 బ్యాటరీకి మారుపేర్లు పనికిరాలేదు. చివరికి మార్కాపురంలో ల్యాప్‌టాప్ బ్యాటరీలు, ఎలక్ట్రిక్ సైకిల్ ప్యాకులు బాగుచేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. పెట్టె రెండు చెక్కలకు మరలు లేవు, వేడితో అతికినవి. అతను పల్చటి బ్లేడును ఆ అతుకు వెంట, లోపలికి దిగనివ్వకుండా, గోటితో బటానీ ఒలిచినట్టు నడిపాడు. అరగంట పట్టింది. చిప్పు ఉన్న పచ్చటి ముక్కను వంచకుండా పక్కకు తప్పించాడు. కొత్త సెల్లు రెండూ తెచ్చి వెంటనే కలపలేదు. మల్టీమీటరుతో కొలిచి, కాగితం మీద రాసుకుని, "రేపు రా అన్నా" అన్నాడు. ఒక రోజంతా వదిలేసినా రెండూ ఒకే వోల్టేజి దగ్గర నిలుస్తాయో లేదో చూడాలట. "జోడీ కుదరాల. ఒక ఎద్దు నీరసమైతే కాడి ఒరుగుద్ది" అన్నాడు. సెల్లకు నేరుగా సోల్డరింగ్ పెట్టలేదు, ఆ వేడికి లోపలి పొరలు పాడవుతాయి. నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగుతో చిటుకు చిటుకుమని అంటించాడు. పసుపు టేపు చుట్టి, మూత మూసి, అతుకు మీద వేలు పోనిచ్చి చూశాడు. నేనూ పోనిచ్చాను. తగల్లేదు.

ఆ రాత్రి చార్జర్ దీపం నిదానంగా కొట్టుకుంటూ, తెల్లవారేసరికి నిలకడగా వెలిగింది.

ఆ ముచ్చట చెబితే మా మండలంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మిత్రుడు నవ్వాడు. అతనిది కెనాన్ 5డీ మార్క్ టూ, అదీ 2008దే. దాని ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ ఆకారాన్ని కెనాన్ ఇప్పటిదాకా మార్చలేదు. 2020లో వచ్చిన ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ కూడా అందులో ఒదిగిపోతుంది. అతనికి వెతుకులాటే లేదు. ఆ విషయంలో కెనాన్‌కు దండం పెట్టాల్సిందే. అయినా నన్ను కట్టిపడేసింది బ్యాటరీ కాదు, దాని ప్లాస్టిక్ మూత. మూతలో బ్యాటరీ బొమ్మ ఆకారంలో చిన్న కంత ఉంది. ఒకవైపుగా పెడితే ఆ కంతలోంచి కింది నీలం కనబడుతుంది, తిప్పి పెడితే కనబడదు. నిండినదానికి ఒకలా, ఖాళీదానికి ఇంకోలా. చిప్పు లేదు, దీపం లేదు, పైసా ఖర్చు లేదు.

మొన్న చినారికట్లలో తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కెమెరా ఎర్రగీత చూపింది. మిత్రుడు వెనక్కి చూడకుండా చేయి చాపాడు. సంచి దగ్గర కూర్చున్న కుర్రాడు నిద్రకళ్లతోనే నీలం కనబడే మూతను వెతికి, తీసి, అందించాడు.