టైరుమీది అంకె : ఒక విమర్శ

మోటారు కారు టైరు పక్కగోడపై అచ్చుపోసిన అక్షరములను, అంకెలను శ్రద్ధగా చదువువారు అరుదు. టైరు కొలత, అది మోయగల బరువు, తయారైన వారము, సంవత్సరము అన్నియు అక్కడనే ఉండును. అమెరికా దేశములో అమ్ముటకై తయారైన కారు టైర్లపై వీనితోపాటు ట్రెడ్‌వేర్ అను మరియొక అంకె కూడ కనబడును. టైరు ఎంత నెమ్మదిగా అరుగునో అది తెలుపును. సామాన్య ప్రయాణికునకు ఇది ఉపయోగకరమైన సూచనయే. కాని ఈ అంకె నేడు ఆ దేశములో కార్ల పోటీలకు కూడ కొలబద్దగా నిలిచినది. ఒక పనికై పుట్టిన కొలతను మరియొక పనికి వాడినచో ఏమగునో విద్యార్థులు దీనివలన చక్కగా గ్రహింపవచ్చును.

ఆటోక్రాస్ అనునది విశాలమైన వాహనశాలలలోను, వాడుకలో లేని విమానాశ్రయపు మైదానములలోను జరుగు పోటీ. రబ్బరు శంకువులను నిలిపి వంకర బాటను ఏర్పరచెదరు. ఒక్కొక్క కారు వేరుగా, గడియారముతో పోటీపడి, సుమారు ఒక్క నిమిషము పరుగెత్తును. 1944లో స్థాపింపబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమము ప్రకారము ఒక శంకువును పడగొట్టినచో 2 సెకనులు శిక్షగా కలుపుదురు. ట్రాక్ డే అనునది వేరు. అక్కడ సొంతకారుగలవారు పందెపు బాటపై ఒక్కొక్క విడతకు ఇరువది నిమిషముల వరకు వేగముగా నడుపుదురు. రెండింటను టైరే ప్రధానము.

ఒక చిన్న లెక్కతో ఈ ప్రాధాన్యము తేటపడును. 20 మీటర్ల వ్యాసార్ధముగల అర్ధవృత్తపు మలుపును తీసికొందురు గాక. ఘర్షణ గుణకము 0.8 అయినచో జారకుండ పోగల గరిష్ఠవేగము సెకనుకు 12.5 మీటర్లు, అనగా గంటకు 45 కి.మీ. అదే గుణకము 1.2 అయినచో వేగము సెకనుకు 15.3 మీటర్లు, అనగా గంటకు 55 కి.మీ. సుమారు 63 మీటర్ల ఆ మలుపును మొదటి కారు 5 సెకనులలోను, రెండవది 4.1 సెకనులలోను దాటును. ఒక్క మలుపుననే 0.9 సెకను తేడా! ఘర్షణ గుణకము ఒకటికి మించరాదని కొందరు విద్యార్థులు తలచుదురు. అట్టి నియమమేదియు లేదు. మెత్తని రబ్బరు పొడి రోడ్డుపై ఒకటిని సులభముగా మించును.

ఇట్టి పట్టుగల టైర్లు త్వరగా అరుగును. వానిని మాటిమాటికి కొనగల ధనికుడే గెలుచుట న్యాయము కాదు గనుక ఆ క్లబ్బు తన స్ట్రీట్ తరగతి కార్లకు ఒక నియమము పెట్టినది: టైరుమీది ట్రెడ్‌వేర్ అంకె 200కు తక్కువ కారాదు. ఉద్దేశము మెచ్చదగినదే. పరిశీలింపవలసినది సాధనమును.

ఆ అంకె ఎట్లు పుట్టును? టెక్సాస్ రాష్ట్రములోని సాన్ ఆంజిలో పట్టణపు పరిసరములలో 400 మైళ్ల పొడవుగల రహదారి చుట్టు ఒకటి కలదు. పరీక్షింపవలసిన టైర్లుగల కార్లు, ప్రమాణపు టైర్లుగల కారుతో కలిసి వరుసగా ఆ బాటపై నడచును. మొదట 800 మైళ్లు అలవాటు పరుగు. పిదప 6,400 మైళ్ల అసలు పరుగు. నడుమ నడుమ గాడుల లోతును కొలిచి, అరుగుదలను ప్రమాణపు టైర్ల అరుగుదలతో పోల్చి అంకెను నిర్ణయింతురు. 200 అనగా 100 గల టైరుకంటె ఆ బాటపై రెండింతలు మన్నునని అర్థము. అంకెను టైరుపై వేయువాడు తయారీదారుడే.

ఇందులో అబద్ధమేమియు లేదు. కాని ఆ పరీక్ష సామాన్యమైన వేగములతో, సామాన్యమైన మలుపులతో జరిగినది. మలుపులో చక్రము తిరిగియున్న దిక్కునకును, కారు వాస్తవముగా పోవు దిక్కునకును నడుమ కొంత కోణమేర్పడును. దానిని జారుడు కోణమందురు. ఈ కోణము పెరిగినకొలది అరుగుదల అదే నిష్పత్తిలో గాక, అంతకు మిక్కిలి మించి పెరుగును. కావున రహదారిపై సమానముగా మన్నిన రెండు టైర్లు పందెపు బాటపై సమానముగా మన్నవలెనని లేదు. నెమ్మదిగా నడచునపుడు ఇద్దరు బాలురు సమానముగా అలసినంత మాత్రమున పరుగుపందెములోను సమానముగా అలసెదరని చెప్పగలమా?

అనుభవమును ఇదియే చెప్పుచున్నది. యోకొహామా వారి ఆడ్వాన్ ఏ052, హాన్‌కుక్ వారి వెంటస్ ఆర్‌ఎస్4 రెండును 200 అంకె గలవే. అయినను మొదటిది త్వరగా వేడెక్కి వెంటనే పట్టునిచ్చునని, అంతే త్వరగా అరుగునని పోటీదారులలో ప్రసిద్ధి. రెండవది పట్టులో కొంత వెనుకబడినను చాల కాలము మన్నునని పేరు. ఒకే అంకె క్రింద ఇంత భిన్నమైన గుణములు దాగియున్నప్పుడు ఆ అంకె కొనువానికి చెప్పినది స్వల్పమే. నియమము ఒక గీతను గీచినది. తయారీదారులు గీతకు ఈవల నిలిచియే పట్టును పెంచుకొనిరి.

పట్టు అను గుణమునే ఏల ముద్రింపరాదు? ఇచట పాఠ్యపుస్తకములోని ఘర్షణ నియమము అడ్డువచ్చును. ఘర్షణ బరువుకు అనులోమముగా నుండునని, తాకిడి వైశాల్యముపై ఆధారపడదని 1699లో ఆమొంటన్ చెప్పెను. గట్టి వస్తువులకు ఇది చాలవరకు సరిపోవును. రబ్బరుకు సరిపోదు. రబ్బరు రోడ్డులోని సూక్ష్మమైన గుంటలలోనికి ఒదిగి అంటుకొనును. ఒత్తిడి తొలగగా ఆలస్యముగా పూర్వరూపమును పొందును. ఈ అంటుకొనుట, ఈ ఆలస్యము రెండును కలిసి పట్టునిచ్చును. బరువు పెరిగినకొలది రబ్బరు గుణకము కొంత తగ్గును. వెడల్పాటి టైరు మేలగుటకు ఇదియొక కారణము.

రబ్బరు ఘర్షణ ఉష్ణోగ్రతనుబట్టి, జారు వేగమునుబట్టి మారును. ఉష్ణోగ్రత తగ్గుట, వేగము పెరుగుట రబ్బరుపై ఒకే విధముగా పనిచేయునని, రెండింటిని ఒకే వక్రరేఖపై చూపవచ్చునని 1963లో గ్రోష్ ప్రయోగములవలన తేలినది. కావున ప్రతి రబ్బరు మిశ్రమమునకు పట్టు శిఖరము ఒక తగిన ఉష్ణోగ్రత వద్ద నుండును. అంతకు తక్కువైన గట్టిపడును. ఎక్కువైన పట్టు సడలును. ఒక్క నిమిషపు ఆటోక్రాసుకు త్వరగా వేడెక్కు టైరు కావలెను. ఇరువది నిమిషముల ట్రాక్ డేకు వేడిని ఓర్చు టైరు కావలెను. హూసియర్ సంస్థ పందెపు టైర్లలో ఏ7ను మొదటి పనికి, ఆర్7ను రెండవ పనికి వేరుగా తయారుచేసినది. ఈ భేదమును 200 అను అంకె తెలుపజాలదు. అదే పక్కగోడపై ట్రాక్షన్ అను అక్షరపు శ్రేణి కూడ ఉన్నది గాని, అది తడి నేలపై చక్రములను బిగించి సూటిగా ఆపు పరీక్ష మాత్రమే. మలుపులోని పట్టును అది కొలువదు.

అట్లని నియమమును త్రోసిపుచ్చుట తగదు. గట్టిదనమును కొలుచు షోర్ మాపకము కలదు. కాని వేడికి గట్టిదనము మారును, పలుమార్లు వేడెక్కి చల్లారిన రబ్బరు బిరుసెక్కును. ప్రతి టైరును పందెపు బాటపై పరీక్షించుట ఖరీదైన పని. 200 గీత పరిపూర్ణము గాకున్నను, పందెములకే పోసిన అత్యల్పాయువు టైర్లను బయట నిలుపుచున్నది. దోషము గీతలో కంటె, ఆ గీతను గుణమునకు హామీపత్రముగా చదువుటలో ఎక్కువగా ఉన్నది.

ఆ చదువు ప్రమాదకరము కూడ. పోటీకి వచ్చినవారిలో పలువురు అదే టైర్లతో ఇంటికి పోవుదురు. మిక్కిలి పట్టుగల టైర్లకు గాడులు తక్కువ, లోతు తక్కువ. వాన కురిసిన రోడ్డుపై నీటిని వెడలింపలేక అవి నీటిపై తేలవచ్చును. గడ్డకట్టు చలిలో వాని రబ్బరు పగులునని తయారీదారులే హెచ్చరించుచున్నారు. మధ్యాహ్నము మలుపులో గెలిపించిన టైరే సాయంత్రము వానలో ప్రాణాపాయము తేవచ్చును. ఎన్నుకొనువాడు తన పరుగు ఎన్ని నిమిషములో, వాతావరణ మెట్టిదో, ఇంటికి ఏ టైర్లపై పోవునో ముందు తేల్చుకొనవలెను. పిదపనే అంకెను చూడవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో చేయింపదగిన లెక్క ఒకటి ఇందులో కలదు. చల్లని టైరులో 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మాపకము చదరపు అంగుళమునకు 30 పౌనులు చూపినది. పరుగువలన లోపలి గాలి 67 డిగ్రీలకు వేడెక్కినది. వాతావరణ పీడనము 14.7 పౌనులను కలిపి, 44.7ను 340/300చే హెచ్చించి, మరల 14.7ను తీసివేసినచో సుమారు 36 పౌనులు వచ్చును. వాతావరణ పీడనమును మరచిన విద్యార్థికి 34 మాత్రమే వచ్చును. ఆ తప్పును దిద్దునపుడే అసలు పాఠము కూడ చెప్పవచ్చును: మాపకము చూపిన అంకె నిజమే, కాని అది దేనికి పైన, దేనితో పోల్చి కొలిచిన అంకెయో తెలిసినపుడే ఆ నిజము పనికివచ్చును.