హార్లెం కవిత్వంలో వారసత్వ భావన: ఛందోరూప పరిశీలన

1920ల హార్లెం సాహిత్యోద్యమంలో ఆఫ్రికా వారసత్వం ప్రధాన వస్తువు. అదే వస్తువు ఒక కవిలో నిశ్చలమైన ధీమాగా, మరొక కవిలో తీరని సంశయంగా పలకడానికి పద్యరూపమూ కారణమే.

లాంగ్‌స్టన్ హ్యూస్ ‘ది నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్’ 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో వెలువడింది. ఇందులో అంత్యప్రాస లేదు. నియత ఛందస్సు లేదు. యూఫ్రటీస్, కాంగో, నైలు, మిసిసిపీ నదులు వరుసగా వస్తాయి. ప్రతి నది వద్దా ఉన్నది ఒకే ‘నేను’. వేల ఏండ్ల జాతి జీవితం ఆ ఉత్తమ పురుషలో ఇముడుతుంది. దీర్ఘపాదాలు చదువరి శ్వాసను నిదానపరుస్తాయి. పల్లవివలె మరలివచ్చే వాక్యం వాదించదు, నిర్ధారిస్తుంది. బానిసల క్రయవిక్రయాలతో ముడివడిన మిసిసిపీ కూడా ఆ వరుసలో చేరడంతో అవమానచరిత్ర వంశచరిత్రలో భాగమవుతుంది.

కౌంటీ కలెన్ ‘హెరిటేజ్’ (1925) స్థితి వేరు. ఆఫ్రికా తనకేమిటన్న ప్రశ్నతో మొదలైన ఈ కవిత ప్రాసబద్ధమైన పొట్టి పాదాల జంటలతో నడుస్తుంది. ఎడతెగని ఆ లయ వాన చప్పుడుకూ నెత్తుటిలోని పూర్వస్మృతికీ శబ్దరూపం. అదే సమయంలో వాటిని అదుపుచేసే కట్టుబాటు. క్రైస్తవ విశ్వాసానికీ పూర్వుల దేవతలకూ నడుమ నలిగే మనసు ఈ బిగువులోనే వినిపిస్తుంది.

కనుక హ్యూస్ స్వేచ్ఛాపద్యాన్ని విముక్తిగా, కలెన్ నియతఛందస్సును కేవలం ఆంగ్ల సంప్రదాయానుకరణగా నిర్ణయించడం సరికాదు. హ్యూస్ రూపం గతంతో ఉన్న సాన్నిహిత్యాన్ని ప్రకటిస్తే, కలెన్ రూపం దానితో ఏర్పడిన దూరాన్ని కొలుస్తుంది. ఆ దూరాన్ని గుర్తించడం కూడా వారసత్వాన్ని గౌరవించడమే.