చార్జర్ మీది చిన్న అక్షరాలు

"అన్నా, గేమింగ్‌కు ఏ కంప్యూటర్ తీసుకోవాలె?" అని అడిగే పిల్లలకు మా నాగల్‌గిద్ద మండలంలో కొదవ లేదు. ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు నంబరు, స్క్రీన్ ఎన్ని హెర్ట్జ్ అన్నవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. యూట్యూబ్ రివ్యూలన్నీ చూసే వస్తారు. నేను ముందు తిరిగి అడిగేది ఇది: "ఇంట్లో ఎర్తింగ్ ఉందా?" ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకడు మాత్రం, "సీపీయూ ముట్టుకుంటే జర షాక్ కొడతది అన్నా, అది మామూలే గదా" అంటాడు.

మామూలు కాదు. కంప్యూటర్ డబ్బాలో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ తీగ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. వాటి నుంచి కారే కొద్దిపాటి కరెంటు మూడో పిన్ను దారిన భూమిలోకి పోవాలి. భూమికి దారి లేకపోతే ఆ కరెంటు డబ్బా రేకు మీదే ఆగిపోతుంది. మీటరు పెట్టి చూస్తే 230 వోల్టుల్లో ఇంచుమించు సగం, అంటే 115 దాకా చూపిస్తుంది. కరెంటు బహు తక్కువ కాబట్టి మనిషికి ఏమీ కాదు, చెయ్యి చురుక్కుమంటుంది అంతే. కానీ అదే స్థితిలో పెన్‌డ్రైవో, టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబులో పెట్టినప్పుడు చిటుక్కుమని ఒక మెరుపు వస్తే పోర్టు కాలిపోతుంది. తర్వాత "కంపెనీ మాల్ మంచిగ లేదు" అంటాం. కంపెనీ మూడు పిన్నులు ఇచ్చింది. మనమే టూ పిన్ బోర్డులో పట్టడం లేదని మూడోదాన్ని కోసేశాం.

సర్జ్ ప్రొటెక్టర్ సంగతీ ఇంతే. దాని లోపల ఉండే చిన్న బిళ్ల, ఎక్కువైన వోల్టేజీని పక్కకు మళ్లిస్తుంది. మళ్లించడానికి ఎర్త్ లేని ఇంట్లో అది చాలావరకు ఉత్త స్విచ్‌బోర్డే. జూన్‌లో మొదటి ఉరుముల వాన పడిన మర్నాడు నారాయణఖేడ్‌లో రిపేరు దుకాణాల ముందు సెట్‌టాప్ బాక్సులు, రూటర్లు పట్టుకుని నిలబడేవాళ్లను చూడండి. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఖరీదైన స్పైక్ బస్టర్ ఉంటుంది, ఎర్తింగ్ గుంత మాత్రం ఉండదు. గుంత తవ్వి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలంలో దానికి నాలుగు రోజులకోసారి బిందెడు నీళ్లు పోసే ఇల్లు నాకు కనిపిస్తే ఆ ఇంటివాళ్లు ఏ కంప్యూటర్ కొన్నా నాకు చింత లేదు.

రెండో ప్రశ్న వోల్టేజీ. మాది కర్ణాటక సరిహద్దు, మంజీర తెలంగాణలోకి వచ్చే ప్రాంతం. నిన్నమొన్నటి దాకా మనూరు మండలంలో ఉండి, 2016లో జిల్లాలు విడదీసినప్పుడు వేరే మండలమైన చోటు. ఇక్కడ ఊరి కరెంటును నడిపించేది టీవీలు కాదు, పొలాల్లో మోటార్లు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులకు పదే పదే చెప్పింది. నీళ్లు వృథా అవుతాయన్నది ఒక కారణం. నాబోటి వాడికి పట్టింది ఇంకో సంగతి. కరెంటు పోయి వచ్చిన క్షణాన మోటార్లన్నీ ఒక్కసారే అందుకుంటే లైను ఒక్క దెబ్బకు కుంగుతుంది. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుకు ఐదారింతల కరెంటు లాగుతుంది మరి. ఆ సెకను సేపు ఇంట్లో బల్బు గుడ్డిగా వెలుగుతుంది, కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ లేస్తుంది, చేస్తున్న పని పోతుంది.

ఇక్కడే ల్యాప్‌టాప్ చార్జర్ మీది చిన్న అక్షరాలు చదవాలి. దాదాపు అన్నిటి మీదా 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. అంటే లైను 150కి కుంగినా అది పట్టించుకోదు, పైగా లోపల బ్యాటరీ ఉండనే ఉంది. డెస్క్‌టాప్‌కు కొనే చవక ఎస్‌ఎంపీఎస్ వెనక మాత్రం 115, 230 అని ఎర్ర స్విచ్ కనబడుతుంది. అది కనబడిందంటే మన ఊరికి పనికిరాదని లెక్క, 230 మీద పెట్టినప్పుడు వోల్టేజీ బాగా తగ్గితే తట్టుకోలేదు. స్విచ్ లేనివి, యాక్టివ్ పీఎఫ్‌సీ అని రాసినవి తీసుకోవాలి. ధర ఎక్కువే. గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు కిందికి దిగి ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టమంటాను. ఈ మాట చెప్పినందుకు నాతో మాట్లాడటం మానేసిన కుర్రాళ్లున్నారు.

యూపీఎస్ గురించి ఒక్క మాట. అందులో ఉండేది మోటర్‌సైకిల్ బ్యాటరీకి తమ్ముడు, 12 వోల్టుల సీసం బ్యాటరీ. 25 డిగ్రీల దగ్గర ఎన్నేళ్లు వస్తుందని కంపెనీ చెబుతుందో, ఆపైన ప్రతి 8, 10 డిగ్రీలకూ ఆ ఆయుష్షు సగమవుతుందన్నది బ్యాటరీవాళ్లు వాడే లెక్క. మే నెలలో మా రేకుల ఇళ్లలో ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. యూపీఎస్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి, మీద పుస్తకాలు పేర్చి, ఏడాదికే పోయిందని తిట్టుకుంటే ఏం లాభం?

నా మాట ఇదే: రివ్యూ చేసేవాడు వస్తువును ఏసీ గదిలో, నిలకడైన కరెంటు మీద, ఫైబర్ ఇంటర్నెట్‌తో పరీక్షిస్తాడు. అతని తప్పు కాదు, అతని ఇల్లు అది. కందులు కొట్టిన దుమ్ము ఫ్యానులో పేరుకున్నాక ఆ ప్రాసెసర్ ఎంత వేడెక్కుతుందో అతనికి అక్కర్లేదు, మనకు కావాలి. మన దగ్గర పరీక్షించని వస్తువును మనమే పరీక్షించుకోవాలి.

మన భాషకు కూడా ఇదే జరిగింది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలోనే ఖరీదైన ఫోన్లను ఒక తెలుగు అక్షరం పడగొట్టింది. జకారం, దాని కింద ఞ, దీర్ఘం, మధ్యలో కంటికి కనబడని ఒక కోడు. ఈ కూర్పు ఉన్న మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది, ఒక్కోసారి ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. లోకమంతా నవ్వుకుంది, మనమూ నవ్వుకున్నాం. అదే అక్షరాన్ని చేతిలో ఉన్న చవక ఆండ్రాయిడ్‌లో చూపించి గర్వపడ్డవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అప్పుడు అనిపించింది ఒకటే: అన్ని కోట్లు పెట్టి తయారుచేసినవాళ్ల పరీక్షల జాబితాలో మన గుణింతం పూర్తిగా లేదన్నమాట.

పల్లెను ముందు పెట్టుకుని వస్తువు చేయడం చేతకాని పనేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు అమెరికా ఉపగ్రహం ద్వారా నేరుగా టీవీ కార్యక్రమాలు చేరాయి. ఊరందరూ కూర్చుని చూసే ఆ టీవీ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. యాంటెనా అంటే కోళ్ల గూటికి వాడేలాంటి జాలీతో అల్లిన పది అడుగుల గొడుగు. 1967లో పుట్టిన ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే ఇప్పటి ఏఎస్ రావు నగర్. ఆ పేరుతో బస్సు ఎక్కేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, అప్పటి ఇంజినీర్లు ముందు వేసుకున్న ప్రశ్న "ఊళ్లో ఇది నడుస్తుందా" అన్నదే. ఇప్పటి స్మార్ట్ టీవీ తయారీదారు ముందు వేసుకునే ప్రశ్న హోమ్ స్క్రీన్‌లో ప్రకటన ఎక్కడ పెట్టాలన్నది.

ఇక ఆటలు. నేను ఆడతాను, ఈ వయసులో కూడా, ఇంట్లో మాటలు పడుతూ. 144 హెర్ట్జ్ స్క్రీన్ మోజును మాత్రం నేను ఒప్పుకోను. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 144లో సుమారు 7. మిగిలేది పది మిల్లీసెకన్లు. మా దగ్గర మొబైల్ డేటా మీద ఆన్‌లైన్ ఆట ఆడితే పింగ్, అంటే సర్వర్ దాకా పోయి వచ్చే సమయం, అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది. పది కోసం వేలు పోసి, వందల్ని గాలికి వదిలేస్తామా? సైజుల సంగతి చెప్పనే వద్దు. 2015లో జీటీఏ ఫైవ్ పీసీకి ఏడు డీవీడీల్లో వచ్చింది. కొన్నవాడు ఊరికి తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసుకునేవాడు. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీకి డిస్కులో 175 జీబీ ఖాళీ ఉండాలన్నారు. రోజుకు 2 జీబీ ప్యాకు ఉన్న పిల్లవాడు వాట్సాప్ కూడా చూడకుండా కూర్చున్నా దించుకోవడానికి దాదాపు మూడు నెలలు. ఈలోగా ఎన్ని అప్‌డేట్లు వస్తాయో.

అందుకే నాకు చిన్న ఆటలంటే ఇష్టం. 2017లో హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు 'అసుర' అని ఒకటి చేశారు. పైనుంచి చూస్తూ కత్తి తిప్పే ఆట. చచ్చిన ప్రతిసారీ మొదటికి రావాలి, దారి ప్రతిసారీ మారుతుంది. మన పురాణాల వాసన ఉంది, హీరో మాత్రం అసురుడు. ఇంటర్నెట్ అక్కర్లేదు, పెద్ద కార్డు అక్కర్లేదు. కరెంటు పోతే పోయేది ఆ ఒక్క ఆటే. పబ్‌జీని 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన రోజు మా ఊరి రచ్చబండ మీద పిల్లల ముఖాలు చూసినవాడిగా చెబుతున్నా, సర్వర్ ఎవరిదో వాడి దయ మీద బతికే ఆట మనది కాదు. అదే ఆట వేరే పేరుతో వచ్చి, 2022లో స్టోర్ల నుంచి మళ్లీ మాయమై, మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ సీడీ మాత్రం ఎవరినీ అడగకుండా ఇప్పటికీ తిరుగుతుంది, సీడీ పెట్టుకునే చోటుంటే.

కంపెనీలు వదిలించుకున్న పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో, ఆ చుట్టుపక్కల గల్లీల్లో దొరుకుతాయి. నేను మనవాళ్లకు ఎక్కువగా ఇప్పించేవి అవే. రేకు మందం, స్క్రూలు సరిగ్గా, ర్యామ్ స్లాట్లు ఖాళీగా. వీటిలో చాలావాటికి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ ఒక రకంగా మరణ ధ్రువపత్రం ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్టు ఆ రోజుతో ఆగింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నిక్షేపంగా నడుస్తున్న నాలుగో తరం ఐ5 ఏం పాపం చేసింది? లైనక్స్ వేసి ఇచ్చాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి దాని మీదే ప్రాజెక్టు చేసుకుంటోంది. "విండోస్ లాగ లేదు కాకా" అంది రెండు రోజులు, తర్వాత ఆ ఊసే లేదు.

ర్యామ్ స్లాట్ల విలువ 2025 చివర్లో అందరికీ తెలిసొచ్చింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు మండిపోయాయి. డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ, మనలాంటివాళ్లకు చిల్లరగా ర్యామ్ అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పింది. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్మే సన్నటి ల్యాప్‌టాప్ కొన్నవాడు ఏం చేయాలి? 8 జీబీతో మొదలుపెడితే 8 జీబీతోనే ముసలివాడవుతాడు. స్లాటు ఉన్నవాడు పాత మిషన్ల నుంచి ఊడదీసిన స్టిక్కు పెట్టుకుని నెట్టుకొస్తాడు. సన్నగా, తేలికగా ఉండటం బస్సులో మోసుకుపోయేవాడికి మంచిదే. మా వాళ్లలో చాలామంది ల్యాప్‌టాప్ మంచం దాటి ఎక్కడికీ పోదు.

విడిభాగాన్ని మనమే మార్చుకునే ఈ యుద్ధంలో ఫోన్ల విషయానికొస్తే ఎప్పుడో ఓడిపోయాం. 2014లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. మరుసటి ఏడాది ఎస్6కు అద్దం అతికించారు, లోకమంతా అదే దారి పట్టింది. ఇప్పుడు యూరప్ మళ్లీ వెనక్కి తిప్పుతోంది: 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునే వీలుండాలన్నది చట్టం. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఫోన్లకూ, ఇతర ఎలక్ట్రానిక్స్‌కూ రిపేరు సులువును బట్టి మార్కులు ఇచ్చే సూచీ కోసం 2024లో ఒక కమిటీని కూడా వేసింది.

ఆ మార్కులు వేసేవాళ్లకు నాదొక విన్నపం. సర్వీస్ సెంటర్ ఉందా లేదా అని ఢిల్లీలో కూర్చుని టిక్కు పెట్టకండి. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర చిన్న దుకాణంలో, తెలుగూ కన్నడా ఉర్దూ కలిపి మాట్లాడుతూ భూతద్దం కింద చార్జింగ్ జాక్ మార్చే కుర్రాడికి అసలు విడిభాగం కంపెనీ నేరుగా అమ్ముతుందా, బోర్డు సర్క్యూట్ పటం ఇస్తుందా, అతను వేసిన స్క్రీన్‌ను ఫోన్ "ఇది నాది కాదు" అని తిరగ్గొట్టకుండా ఊరుకుంటుందా అని అడగండి. కాదంటే పదికి రెండు వేయండి, ఎంత పెద్ద బ్రాండైనా సరే.