ఒక దినపు విహారయాత్రలు

హల్దియాపదరు బస్సుస్టాండులో ఉదయము బయలుదేరి సాయంకాలమునకు మరలి వచ్చు విహారయాత్రలు మనవారికి క్రొత్త కావు. జౌగడలో అశోకుని శాసనములు, ఋషికుల్యా ముఖమున గంజాము పాత కోట, చిల్క తీరమున రంభా భవనము: మూడింటిని ఒక్క దినముననే ముగింతుము. దీనిని దర్శనమనుటకు మాకు మనసొప్పదు.

గంజాము కోట 18వ శతాబ్దిలో కుంఫిణీవారు కట్టినది. 1815 ప్రాంతమున విషజ్వరములు వ్యాపింపగా దొరలు ఆ యూరు విడిచిరి, పట్టణము బోసిపోయినది. అచ్చట ఫిరంగుల ముచ్చటయే కాని జ్వరముల మాట ఎత్తువారు లేరు.

రంభా భవనమును కట్టించినవాడు స్నాడ్‌గ్రాస్ దొర. తరువాత అది ఖల్లికోట రాజులదైనది. 1903లో రాజా హరిహర మర్దరాజు ఆదరమున ఒడియా పెద్దలు అచ్చట కూడి, తమ భాషాప్రాంతముల నొక్కటి చేయుటను గూర్చి ఆలోచించిరి. ఆ యత్నమే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమై ఫలించినది. బరంపురపు తెలుగువారము మదరాసు రాజధానిని వీడి అందు చేరితిమి. మన బ్రతుకుల త్రోవ మార్చిన ఆ ఇంటి యెదుట పులిహోర పొట్లములు విప్పి, సరస్సును వెనుక నుంచుకొని ఛాయాచిత్రములు తీసికొని వచ్చుచున్నాము.

పులిహోర తినుట తప్పు కాదు. పిల్లలకు ఆ కథ చెప్పక తిరిగి వచ్చుట తప్పు. ఒక దినమునకు ఒక్క స్థలము చాలునని మా మనవి.